అగ్నిశిఖ

అగ్నిశిఖ వానాకాలంలో మొలిచి, నిప్పుకణికల వంటి పువ్వులు పూసి, చలికాలం నాటికి నేలలోపలి దుంపగా మాత్రమే మిగిలే బహువార్షిక తీగ మొక్క. దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. ఇది కాల్చికేసి కుటుంబానికి చెందినది. పూర్వపు వర్గీకరణలో దీనిని లిల్లీ కుటుంబమైన లిలియేసిలో చేర్చేవారు. ఆసియా, ఆఫ్రికా ఖండాల ఉష్ణమండల ప్రాంతాలలో సహజంగా పెరుగుతుంది. తెలుగు ప్రాంతాలలో నల్లమల కొండలలోను, అమ్రాబాద్ పీఠభూమి వంటి ఆకురాల్చు అడవులలోను, పొలాల కంచెల వెంబడి పొదలలోను ఇది కనిపిస్తుంది. అందం కోసం దీనిని తోటలలో, కుండీలలో కూడా పెంచుతారు. ఈ మొక్క దుంప మొదలు గింజ వరకు ప్రతి భాగమూ విషపూరితం. అందువలన దీని పెంపకం గురించి తెలుసుకునేవారు దీని విషప్రభావం గురించి కూడా తప్పనిసరిగా తెలుసుకోవాలి.

పేర్లు

ఈ మొక్కకు భారతీయ భాషలలో ఉన్న పేర్లు దాని స్వరూప స్వభావాలను చక్కగా తెలియజేస్తాయి. అగ్నిశిఖ అనే సంస్కృత నామానికి నిప్పు మంట అని అర్థం. పైకి లేచి మెలికలు తిరిగిన ఎర్రని, పసుపు పచ్చని రేకులను బట్టి ఈ పేరు వచ్చింది. సంస్కృతంలోనే దీనికి లాంగలి అనే మరొక పేరు ఉన్నది. లాంగలం అనగా నాగలి. రెండుగా చీలి వంగిన దుంప నాగలిని పోలి ఉండడం ఈ పేరుకు కారణం. తమిళంలో నాగలిని కలప్పై అంటారు. తమిళంలోని కలప్పైక్కిళంగు, తెలుగులోని కలప్పగడ్డ అనే పేర్లకు కూడా అర్థం అదే.

తెలుగులో అడవినాభి, నాభి అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. నాభి అనే మాట తెలుగులో విషపు దుంపలకు వాడతారు. హిమాలయాలలో పెరిగే వత్సనాభి కూడా అటువంటిదే. అంటే ఈ మొక్క విషమని దాని తెలుగు పేరే హెచ్చరిస్తున్నది. గర్భపాతిని అనే సంస్కృత నామం కూడా ఇటువంటి హెచ్చరికే. హిందీలో దీనిని కలిహారి అని, తమిళంలో సెంగాందళ్ అని, సింహళంలో నియంగల అని పిలుస్తారు.

శాస్త్రీయ నామాన్ని స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో ప్రచురించాడు. గ్లోరియోసా అనగా వైభవం గలది, సూపర్బా అనగా ఠీవి గలది అని లాటిన్ భాషలో అర్థం.

లక్షణాలు

దుంప: నేలలో అడ్డంగా పెరిగే ఈ దుంప లేత గోధుమ రంగులో, పంగలకర్ర వలె రెండుగా చీలి ఉంటుంది. ఒక్కొక్క చీలిక కొనలో ఒక్కొక్క మొగ్గ మాత్రమే ఉంటుంది. బంగాళాదుంపకు ఉన్నట్లు ఒంటినిండా కళ్ళు ఉండవు. కొన విరిగిపోతే ఆ చీలిక సాధారణంగా మొలకెత్తదు. మొక్క పెరిగేకొద్దీ నాటిన దుంపలోని ఆహారమంతా ఖర్చై అది ముడుచుకుపోతుంది. దాని స్థానంలో కొత్త దుంపలు ఏర్పడతాయి. అంటే ఏడాది చివర త్రవ్వితీసే దుంప ఆ ఏడాది మొదట్లో నాటిన దుంప కాదు.

కాడ, ఆకులు: కాడ బలహీనంగా ఉండి, ఊతం దొరికితే 2 నుండి 4 మీటర్ల వరకు ప్రాకుతుంది. ఆకులు కోసుగా, సమాంతర ఈనెలతో, మెరిసే పచ్చదనంతో ఉంటాయి. ఆకు కొన సన్నగా సాగి నులితీగగా మారి, దగ్గరలోని పుల్లను గాని మరొక మొక్కను గాని చుట్టుకుంటుంది. కాకర, దోస వంటి తీగలలో నులితీగలు కాడ నుండి విడిగా బయలుదేరుతాయి. ఈ మొక్కలో ఆకు కొనయే నులితీగ కావడం విశేషం.

పువ్వు: పువ్వులు ఆకుల పంచలలో పొడవైన తొడిమలపై ఒంటరిగా పూస్తాయి. ప్రతి పువ్వుకు ఆరు రేకులు ఉంటాయి. వీటి అంచులు అలలవలె ముడతలు పడి ఉంటాయి. మొగ్గ క్రిందికి వ్రేలాడుతుంది. విచ్చుకునేటప్పుడు రేకులు వెనుకకు, పైకి మడుచుకొని మంటవలె నిలబడతాయి. మొదట ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉన్న రేకులు క్రమంగా అడుగున పసుపు, పైన ఎరుపు రంగు పొంది, చివరకు పూర్తిగా ముదురు ఎరుపుగా మారుతాయి. ఒక్కొక్క పువ్వు సుమారు వారం రోజులు నిలుస్తుంది. అందువలన ఒకే తీగపై ఒకే రోజున మూడు నాలుగు రంగుల పువ్వులు కనిపిస్తాయి.

ఆరు కేసరాలు చుట్టూ చాచుకొని ఉంటాయి. కీలం అండాశయం దగ్గరనే దాదాపు లంబకోణంలో ప్రక్కకు వంగి ఉంటుంది. దీనివలన ఒక పువ్వులోని పుప్పొడి అదే పువ్వులోని కీలాగ్రంపై పడే అవకాశం తగ్గుతుంది. సీతాకోకచిలుకలు, తేనెటీగలు, తేనెపిట్టలు పరాగ సంపర్కానికి తోడ్పడతాయి.

కాయ, గింజలు: కాయ 5 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉండి, పండి ఎండిన తరువాత మూడు భాగాలుగా పగులుతుంది. లోపల గుండ్రని నారింజ ఎరుపు రంగు గింజలు వరుసగా ఉంటాయి. గింజలు పూసలవలె ఆకర్షణీయంగా ఉండడం చేత చిన్నపిల్లలకు ప్రమాదకరం.

అమ్రాబాద్ పీఠభూమిలో

అమ్రాబాద్ మండలం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. నల్లమల అడవులలోని నాగార్జునసాగర్ – శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణానదికి ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడింది. ఇది నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నది.

ఈ ప్రాంతపు వాతావరణం అగ్నిశిఖ జీవన విధానానికి సరిగ్గా సరిపోతుంది. జూన్ నుండి అక్టోబరు వరకు వానలు, ఆ తరువాత పొడి చలికాలం, మార్చి నుండి తీవ్రమైన ఎండలు ఇక్కడి ఋతుక్రమం. చెట్లు ఆకు రాల్చి ఎండను తట్టుకున్నట్లే అగ్నిశిఖ నేలపైన ఉన్న భాగాన్నంతటినీ వదులుకొని, దుంపగా నేలలో దాగి ఎండను తట్టుకుంటుంది. దక్షిణ తెలంగాణలో విరివిగా ఉన్న ఎర్రని చల్కా నేలలలో నీరు నిలవదు. ఇదికూడా దుంపకు అనుకూలమే.

అమ్రాబాద్ పీఠభూమి చెంచుల నివాస స్థలం. వీరి జీవన విధానంపై ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వ్రాసిన గ్రంథం 1943లో వెలువడింది. అడవిదుంపలను త్రవ్వి తెచ్చుకొని తినడం చెంచుల ఆహార సేకరణలో ముఖ్యభాగమని ఆ గ్రంథం తెలుపుతుంది. తినదగిన దుంపలు, ప్రాణం తీసే దుంపలు ఒకే అడవిలో, ఒకే నేలలో ఉన్నప్పుడు వాటిని వేరుచేసి గుర్తించే జ్ఞానం ఎంత విలువైనదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఋతుచక్రం

అగ్నిశిఖ పెంపకమంతా దాని ఋతుచక్రంపై ఆధారపడి ఉంటుంది. దక్షిణ తెలంగాణలో ఈ చక్రం సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* మృగశిర, ఆరుద్ర కార్తెలలో (జూన్) తొలకరి పడగానే దుంప కొనలోని మొగ్గ మేల్కొని మొలక బయటకు వస్తుంది.
* జూలైలో కాడ వేగంగా పెరిగి ఊతాన్ని వెదుకుతుంది.
* ఆగస్టు నుండి అక్టోబరు వరకు పువ్వులు పూస్తాయి.
* నవంబరు, డిసెంబరు నెలలలో కాయలు ముదురుతాయి. ఆకులు పసుపుబారి, కాడ ఎండుతుంది.
* జనవరి నుండి మే వరకు దుంప నేలలో విశ్రాంతిగా ఉంటుంది.

శీతల దేశాల తోటలలో ప్రసిద్ధి చెందిన పియోనీ మొక్కతో పోల్చి చూస్తే ఈ విశ్రాంతి ప్రాముఖ్యం బాగా తెలుస్తుంది. పియోనీ కూడా ఏటా నేలమట్టానికి ఎండిపోయి వేళ్ళ నుండి తిరిగి చిగురించే గుల్మమే. పియోనియా ఎమోడి అనే జాతి పశ్చిమ హిమాలయాలలో సహజంగా పెరుగుతుంది. అయితే పియోనీ చలిలో విశ్రమిస్తుంది. కొన్ని వారాలపాటు బాగా చలి లేనిదే దాని మొగ్గలు సరిగా మేల్కొనవు. తెలంగాణ మైదానాలలో అంతటి చలి ఉండదు కనుక ఆ మొక్క ఇక్కడ పూయడం దుర్లభం. అగ్నిశిఖ విశ్రమించేది చలిలో కాదు, పొడిదనంలో. పియోనీకి చలి ఎంత అవసరమో అగ్నిశిఖకు పొడి వేసవి అంత అవసరం. వేసవిలో జాలిపడి నీరు పోయడమే తోటలలో అగ్నిశిఖ దుంపలు కుళ్ళిపోవడానికి ముఖ్యకారణం.

పెంపకం

దుంపల సేకరణ: నర్సరీలలో లేదా ఇప్పటికే పెంచుతున్నవారి వద్ద లభించే దుంపలనే వాడాలి. అడవి నుండి త్రవ్వి తేరాదు. దుంప గట్టిగా, మచ్చలు లేకుండా, కొన విరగకుండా ఉండాలి. వాణిజ్యపరంగా సాగుచేసేవారు 50 నుండి 60 గ్రాముల బరువు గల దుంపలను ఎంచుకుంటారు. చిన్న దుంపలు కూడా మొలకెత్తుతాయి గాని మొదటి ఏడాది పూయకపోవచ్చు. దుంపలను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వాడాలి. కొందరికి దీని రసం తగిలితే చర్మం మండుతుంది.

నేల: నీరు నిలవని ఎర్ర నేల, ఇసుక కలిసిన నేల శ్రేష్ఠం. నల్లరేగడి నేలలో నాటవలసి వస్తే, చుట్టూ నేలకంటే ఒక జానెడు ఎత్తుగా మట్టి పోసి, దానిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. పచ్చి ఎరువు వేస్తే దుంప కుళ్ళుతుంది.

స్థలం: ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం కొంత నీడ పడే చోటు మంచిది. అడవిలో ఈ మొక్క పొదల నడుమ మొలిచి ఎండ కోసం పైకి ప్రాకుతుంది. తోటలో కూడా మొదలు నీడలోను, కొన ఎండలోను ఉండేలా చూడాలి. పిల్లలు ఆడుకొనే చోట, పశువులు మేసే చోట, కూరగాయల మడుల ప్రక్కన నాటరాదు.

నాటడం: జూన్ మొదటి వారం నుండి జూలై మధ్య వరకు అనుకూల సమయం. దుంపను నిలువుగా కాక అడ్డంగా పడుకోబెట్టి, 5 నుండి 8 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. మొగ్గ ఉన్న కొన విరగకుండా జాగ్రత్త వహించాలి. మొక్కకు మొక్కకు మధ్య 30 నుండి 45 సెంటీమీటర్ల దూరం ఉండాలి. మొలక వచ్చేవరకు మట్టి తడిగా ఉంటే చాలు, ఎక్కువ నీరు పనికిరాదు. మొలక బయటకు రావడానికి రెండు మూడు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈలోగా ఆతురతతో త్రవ్వి చూస్తే లేత మొగ్గ విరిగి ఆ ఏడాది మొక్క రాదు.

ఊతం: నులితీగలు సన్నని ఆధారాన్ని మాత్రమే చుట్టుకోగలవు. లావు గుంజలు ఉపయోగపడవు. ఎండిన కంపకొమ్మలు, సన్నని వెదురు పుల్లలు, తీగల కంచె వంటివి మొలక వచ్చిన వెంటనే అమర్చాలి. కాడ నేలపై పడి విరిగితే సాధారణంగా ఆ దుంప నుండి ఆ ఏడాది మరొక కాడ రాదు కనుక ఊతం ఆలస్యం చేయరాదు.

నీరు, ఎరువు: వానలు సరిగా కురిసినంతకాలం నీరు పోయవలసిన అవసరం లేదు. వారం పది రోజులు వాన లేకపోతే మొదలు తడిసేలా నీరు పోయాలి. పూత మొదలయ్యేముందు ఒకసారి చివికిన ఎరువు గాని వానపాముల ఎరువు గాని మొదటి చుట్టూ పలుచగా చల్లవచ్చు. అక్టోబరు చివరలో, స్వాతి కార్తె నాటికి, నీరు క్రమంగా తగ్గించాలి. ఆకులు పసుపుబారిన తరువాత పూర్తిగా మానివేయాలి.

పచ్చగా ఉన్న కాడను కోయరాదు. పూత అయిపోయిన తరువాత ఆకులు తయారుచేసే ఆహారమే క్రొత్త దుంపలలో నిలువ చేరుతుంది. చూడడానికి బాగులేదని తీగను తొందరపడి కత్తిరిస్తే మరుసటి ఏడాది పువ్వులు తగ్గుతాయి. గింజలు అవసరం లేనివారు వాడిన పువ్వులను త్రుంచివేస్తే దుంపలు మరింత బలంగా పెరుగుతాయి. ఇంటిలో పిల్లలు ఉన్నవారికి ఇది రక్షణ కూడా, ఎందుకంటే గింజలే ఏర్పడవు.

విశ్రాంతి, నిలువ: నీరు నిలవని నేల అయితే దుంపలను అక్కడే వదిలివేయవచ్చు. అయితే ఆ చోట గుర్తుగా ఒక పలక పాతాలి. నేలపైన ఏమీ కనిపించని ఐదు నెలలలో అక్కడ దుంప ఉన్నదన్న సంగతి మరచిపోవడం సులభం. వేసవిలో ఆ చోటును తడపరాదు. ఇతర మొక్కలకు రోజూ నీరు పోసే మడి అయితే డిసెంబరు, జనవరి నెలలలో దుంపలను జాగ్రత్తగా త్రవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో నిలువ చేయాలి. నిలువ చేసే డబ్బాపై "విషం" అని పెద్ద అక్షరాలతో వ్రాసి, వంటసామానుకు దూరంగా, పిల్లలకు అందనిచోట ఉంచాలి.

కుండీలలో పెంపకం: సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు గల కుండీలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన ఎరువు కలిపి ఒకటి రెండు దుంపలు నాటవచ్చు. అడుగున రంధ్రం తప్పనిసరి. కాడ ఎండిన తరువాత కుండీని వాన, నీరు తగలని వసారాలో ఒక ప్రక్కన ఉంచి, మరల జూన్‌లో బయటకు తేవాలి. పట్టణాలలో ఉండేవారికి ఇది సులభమైన పద్ధతి.

వ్యాప్తి: పంగలకర్ర వంటి దుంపను చీలిక వద్ద రెండుగా విడదీస్తే, రెండు కొనలలోను మొగ్గలు ఉన్నట్లయితే, రెండు మొక్కలు వస్తాయి. విడదీసిన చోట బూడిద అద్ది, రెండు మూడు రోజులు ఆరనిచ్చి నాటాలి. గింజల ద్వారా కూడా పెంచవచ్చు గాని ఓపిక అవసరం. గింజలు మొలకెత్తడానికి కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు పడుతుంది. మొదటి ఏడాది చిన్న మొలక, చిన్న దుంప మాత్రమే ఏర్పడతాయి. పువ్వు చూడడానికి రెండు నుండి నాలుగేళ్ళు పడుతుంది.

చీడపీడలు

అగ్నిశిఖకు ముఖ్యమైన చీడ లిల్లీ గొంగళిపురుగు. దీని శాస్త్రీయ నామమైన పాలిటెలా గ్లోరియోసే ఈ మొక్క పేరుమీదనే ఏర్పడింది. నల్లని శరీరంపై తెల్లని, ఎర్రని మచ్చలుండే ఈ పురుగులు గుంపులుగా చేరి కొద్దిరోజులలోనే ఆకులన్నీ తినివేస్తాయి. మనుషులకు, పశువులకు విషమైన ఆకు ఈ పురుగుకు మాత్రం ఆహారం. ఇంటితోటలో తొడుగులు వేసుకొని పురుగులను ఏరివేయడం ఉత్తమం. వేపనూనె కలిపిన నీరు చల్లడం కూడా కొంత ఉపయోగపడుతుంది.

వర్షాలు ఎడతెగక కురిసినప్పుడు ఆకులపై గోధుమరంగు మచ్చలు ఏర్పడి ఎండే శిలీంధ్ర తెగులు వస్తుంది. తెగులు సోకిన ఆకులను తీసివేసి, మొక్కల మధ్య గాలి ఆడేటట్లు చూడాలి. నీరు నిలిచిన నేలలో దుంపకుళ్ళు తెగులు వస్తుంది. కుళ్ళిన దుంపకు చికిత్స లేదు. దానిని తీసివేసి, మరుసటి ఏడాది వేరొక చోట నాటాలి.

విషప్రభావం

అగ్నిశిఖలోని ప్రధానమైన విషపదార్థం కాల్చిసిన్. ఇది దుంపలోను, గింజలలోను, ఆకులు, పువ్వులతో సహా మిగతా భాగాలలోను ఉంటుంది. జీవకణం విభజన చెందేటప్పుడు లోపల ఏర్పడే సూక్ష్మనాళికలను కాల్చిసిన్ ఏర్పడనివ్వదు. అందువలన కణవిభజన ఆగిపోతుంది. ప్రేగుల లోపలి పొర, ఎముకల మజ్జ వంటి నిరంతరం కొత్త కణాలు పుట్టే భాగాలు మొదట దెబ్బతింటాయి. ఉడికించినంత మాత్రాన దుంప సురక్షితమైపోదు.

ఈ దుంపను చిలగడదుంపగానో, తినదగిన అడవిదుంపగానో పొరబడి తిని మరణించిన సంఘటనలు భారతదేశం, శ్రీలంక దేశాల వైద్య సాహిత్యంలో నమోదైనాయి. ఆత్మహత్యా ప్రయత్నాలలోను, నాటువైద్యం వికటించినప్పుడు కూడా ఇటువంటి మరణాలు సంభవించాయి.

లక్షణాలు: తిన్న కొన్ని గంటలలో నోరు, గొంతు మంట, వాంతులు, కడుపునొప్పి, తీవ్రమైన విరేచనాలు మొదలవుతాయి. శరీరం నుండి నీరు కోల్పోయి రక్తపోటు పడిపోతుంది. ఒకటి నుండి మూడు రోజులలో మూత్రపిండాలు, కాలేయం, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. తెల్లరక్తకణాలు, రక్తఫలకికలు తగ్గిపోతాయి. బ్రతికి బయటపడినవారిలో ఒకటి రెండు వారాల తరువాత జుట్టు రాలిపోవడం కనిపిస్తుంది. తరువాత అది తిరిగి మొలుస్తుంది. మొదటి రోజు వాంతులు తగ్గగానే ప్రమాదం తప్పిందని భావించరాదు. అసలు ప్రమాదం ఆ తరువాతనే మొదలు కావచ్చు.

చేయవలసినవి: ఎవరైనా ఈ మొక్క భాగాన్ని మ్రింగినట్లు అనుమానం కలిగితే, లక్షణాల కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108 అంబులెన్సును పిలవవచ్చు. నోటిలో మిగిలిన ముక్కలను తీసివేసి నోరు కడగాలి. ఇంటివద్ద బలవంతంగా వాంతి చేయించరాదు. తిన్న దుంప లేదా ఆకు ముక్కను వైద్యునికి చూపడానికి వెంట తీసుకువెళ్ళాలి. ఈ విషానికి సాధారణంగా లభించే ప్రత్యేక విరుగుడు మందు లేదు. త్వరగా ఆసుపత్రికి చేర్చడమే ముఖ్యం.

గుర్తించే విధానం: తినదగిన అడవిదుంపలలో చాలావరకు డయాస్కోరియా ప్రజాతికి చెందినవి. వాటి తీగ కాడతోనే ఊతాన్ని మెలితిరిగి చుట్టుకుంటుంది. ఆకులు హృదయాకారంలో గాని, కొన్ని చిన్న ఆకులుగా చీలి గాని ఉంటాయి. ప్రధాన ఈనెల మధ్య వల వంటి అల్లిక కనిపిస్తుంది. పువ్వులు చాలా చిన్నవి. అగ్నిశిఖ ఆకులు కోసుగా, సమాంతర ఈనెలతో ఉండి కొన నులితీగగా మారుతుంది. తీగ పచ్చగా ఉన్నప్పుడు ఈ తేడా స్పష్టం. తీగ ఎండిన తరువాత దుంప ఒక్కటే చూసి నిర్ణయించడం ప్రమాదకరం.

తంగేడు, గునుగు పూసే బతుకమ్మ పండుగ రోజులలోనే అగ్నిశిఖ కూడా పూస్తుంది. పువ్వుల కోసం చేలగట్లు, పొదలు తిరిగే పిల్లలకు ఈ మొక్కను చూపి, నోటిలో పెట్టుకోరాదని, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని పెద్దలు, ఉపాధ్యాయులు ముందుగానే నేర్పాలి.

ఉపయోగాలు

ఆయుర్వేద రసశాస్త్ర గ్రంథాలు లాంగలిని ఉపవిషాలలో ఒకటిగా పేర్కొని, శుద్ధి చేసిన తరువాతనే వాడాలని చెబుతాయి. నాటువైద్యంలో దుంప గంధాన్ని కాన్పు సులభం కావడానికి, పాముకాటుకు, చర్మవ్యాధులకు వాడే అలవాటు పలు ప్రాంతాలలో ఉన్నది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఇటువంటి ప్రయోగాలు చేయడం ప్రాణాపాయం. గర్భిణులకు మరింత ప్రమాదకరం.

కాల్చిసిన్‌ను 1820లో ఫ్రాన్స్ దేశపు రసాయన శాస్త్రవేత్తలు పెల్టియే, కావంటూలు ఐరోపా మొక్కయైన కాల్చికమ్ నుండి వేరుచేశారు. ఇది గౌట్ అనే కీళ్ళవాతానికి నేటికీ వాడే మందు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొందరు హృద్రోగులలో గుండెపోటు ముప్పును తగ్గించడానికి అతి తక్కువ మోతాదు కాల్చిసిన్‌ను ఆమోదించింది. మందుగా పనిచేసే మోతాదుకు, విషంగా మారే మోతాదుకు మధ్య అంతరం తక్కువ. అందువలన కొలత తెలియని ముడి దుంపను మందుగా వాడరాదు.

మొక్కల ప్రజననంలో కూడా కాల్చిసిన్‌కు ప్రాముఖ్యం ఉన్నది. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ అనే అమెరికా శాస్త్రవేత్తలు దీనితో మొక్కలలో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయవచ్చని ప్రకటించారు. గింజలులేని పుచ్చకాయ విత్తనాన్ని తయారుచేయడంలో ఈ పద్ధతియే ఆధారం.

తమిళనాడులో తిరుప్పూర్, దిండిగల్, కరూర్ మొదలైన జిల్లాలలో రైతులు గింజల కోసం అగ్నిశిఖను పంటగా సాగు చేస్తారు. ఈ గింజలు కాల్చిసిన్ తయారీకి ఎగుమతి అవుతాయి. కీటకాల వలన జరిగే పరాగ సంపర్కం చాలనందున కూలీలు ఉదయం వేళలో ఒక్కొక్క పువ్వుకూ చేతితో పుప్పొడి అద్దుతారు.

సాహిత్యం, చిహ్నాలు

తమిళ సంగం సాహిత్యంలో కాందళ్ పేరుతో ఈ పువ్వు ప్రసిద్ధం. కపిలర్ రచించిన కుఱింజిప్పాట్టులో వచ్చే పువ్వుల పట్టిక ఎర్రని కాందళ్‌తోనే ప్రారంభమవుతుంది. అగ్నిశిఖ తమిళనాడు రాష్ట్ర పుష్పం. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశానికి జాతీయ పుష్పం కూడా ఇదే. ఆ దేశం దక్షిణ రొడీషియాగా ఉన్నకాలంలో, 1947లో, బ్రిటన్ రాకుమారి ఎలిజబెత్ 21వ పుట్టినరోజుకు ఈ పువ్వు ఆకారంలో చేసిన వజ్రాల ఆభరణాన్ని అక్కడివారు కానుకగా ఇచ్చారు.

సంరక్షణ

ఔషధ వ్యాపారం కోసం అడవి దుంపలను విచ్చలవిడిగా త్రవ్వడం వలన అనేక ప్రాంతాలలో ఈ మొక్క తగ్గిపోతున్నది. దుంపను త్రవ్వితే ఆ మొక్క మరుసటి ఏడాది మొలవదు. విత్తనం పడినా తిరిగి పూయడానికి కొన్నేళ్ళు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాలనుండి అనుమతి లేకుండా మొక్కలను తీసుకుపోవడం నేరం. అమ్రాబాద్ అభయారణ్యానికి కూడా ఇది వర్తిస్తుంది. ఇంటితోటలో ఒక దుంపను జాగ్రత్తగా పెంచితే అనుకూల పరిస్థితులలో ఏడాదికి రెండు దుంపలు కావచ్చు. ఆ విధంగా పెరిగిన దుంపలను, వాటి విషం గురించిన హెచ్చరికతో సహా, కోరినవారికి ఇవ్వడం అడవిలోని మొక్కలను కాపాడే సులభమైన మార్గం.